రెండో పొయ్యి

మా ఇంట్లో ఆస్తి పంచాయతీ ఏదీ జరగలేదు. పంచుకోవడానికి ఆస్తి ఉంటే కదా! ఒక గ్రైండరు కోసం నేనే మా అత్తను వేరు పెట్టాను, అదీ ఒక్క పూటకేనని చెప్పి. ఈ ఎండాకాలం మా ఇంట్లో జరిగింది ఇంతే. చెప్పుకుంటే రెండు ముక్కలు, తలచుకుంటే నాకు అన్నం దిగదు.

తమిళనాడు ధర్మపురిలో పెన్నాగరం రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో మా ఇల్లు. ముందర రెండు గదులు, ఒక వసారా. వెనక పెరట్లో విడిగా ఇంకో గది ఉంది. దాన్ని మా మామ బతికుండగా కట్టుకున్నాడు, దాని కరెంటు మీటరు ఇప్పటికీ ఆయన పేరునే ఉంది. ముందరి ఇంటి మీటరు మా ఆయన మురుగేశన్ పేరున. మామ పోయాక అత్త ఆ వెనక గదిలో పడుకునేది. పడుకోవడం వరకే అక్కడ, మిగతా బతుకంతా మా వంటింట్లోనే.

మా ఆయన బెంగళూరులో సెంట్రింగ్ పని చేస్తాడు, ఆదివారానికి వస్తాడు. నేనూ అత్తా ఇంట్లో దోసె పిండి రుబ్బి అమ్ముతాం. వ్యాపారం నాది, చెయ్యి ఆమెది. మినప్పప్పు ఎంత నానాలో, పిండి ఎప్పుడు తీయాలో ఆమె వేలు ముంచి చెప్పేది. బస్టాండు దగ్గర టిఫిన్ కొట్టు నడిపే సిద్ధరాజ్ మా పిండి తప్ప ఇంకొకరిది ముట్టడు. "సరసక్క చెయ్యి పడిన పిండి దోసె రేకు మీద తానే పరుచుకుంటుంది" అంటాడు. మా దగ్గరున్న చిన్న గ్రైండరే ముసలిదైపోయి, నడిమధ్యలో ఆగి నన్ను ఏడిపించేది.

మాసి నెలలో, అంటే ఫిబ్రవరి నడుమ, మా మహిళా సంఘంలో ఒక మాట తెలిసింది. ఇంట్లో చిన్న వ్యాపారం చేసే ఆడవాళ్ళకు సర్కారు సబ్సిడీ మీద యంత్రం ఇస్తోందట. కాగితాలిచ్చాను. నా అదృష్టమో అత్త అదృష్టమో మంజూరు కూడా అయింది. పెద్ద గ్రైండరు, వంచితే పిండి తానే జారిపడుతుంది. దాని ఫొటో చూసినప్పటి నుంచి నా కాలు నేల మీద నిలవలేదు. షరతు ఒక్కటే. వ్యాపారానికి వేరే మీటరు పెట్టుకోవాలి, మార్చి నెల దాటకముందే. దాటితే మంజూరు రద్దు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. కరెంటు ఆఫీసులో వసంతకుమార్ అనే సారు నా కాగితం చూసి, మీ ఇంట్లో ఇప్పటికే రెండు ఇంటి మీటర్లున్నాయి కదమ్మా అన్నాడు. ఒక సంసారానికి ఒక ఇంటి మీటరేనట. ఉచితంగా వచ్చే యూనిట్లను రెండు మీటర్ల మీదా తీసుకోకూడదట. ముందు ఆ రెండూ ఒకటి చేసుకుంటేనే వ్యాపారం మీటరు ఇస్తానన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. రెండు చోట్లా ఉచిత యూనిట్లు తీసుకుంటున్న మాట నిజమే.

"ఒకటి చేయాలంటే ఏం చేయాలి సార్?" అని అడిగాను.

"వెనక మీటరు మీ మామగారి పేరున ఉంది. ఆయన వారసులందరూ వదులుకుంటున్నట్టు సంతకం పెట్టాలి."

వారసులంటే అత్త, మా ఆయన, హోసూరులో ఉండే మా మరిది సెంతిల్. మామ కర్మాంతరం నాడు సెంతిల్‌తో మాకు జగడమైంది, అప్పటినుంచి మాటల్లేవు. నీ గడప తొక్కితే నన్ను చెప్పుతో కొట్టు అని అందరి ముందరా అరిచింది నేనే. ఆ నోటితో ఇప్పుడు పోయి సంతకం పెట్టు నాయనా అని ఎట్లా అడిగేది?

నేను కాగితం మడుచుకుంటుంటే సారు తానే ఇంకో దారి చెప్పాడు. "వెనక గదిలో ఉండేవాళ్ళది వేరే సంసారమైతే పరవాలేదు. వేరే పొయ్యి, వేరే వంట ఉండాలి. నేనొచ్చి చూసి రాసుకుంటాను."

హోసూరుకు బస్సులో పోయేదానికన్నా పెరట్లోకి పోవడం దగ్గర కదా అనుకున్నాను. ఫోన్లో మా ఆయన కూడా, "ఒక పూట మాటే కదా, అమ్మను అడుగు" అన్నాడు.

అత్త ముందు నవ్వింది. "నన్ను వేరు పెట్టేకి గవర్మెంటే రావల్సొచ్చిందా అముదా?" అంది. తరవాత నవ్వు ఆపి, "పొయ్యి పెట్టేదైతే ఊరికే పెట్టకూడదు మ్మా. పాలు పొంగించాల" అంది.

మావాళ్ళలో వేరు పడడమంటే గోడ కట్టుకోవడం కాదు, పొయ్యి వెలిగించుకోవడం. పాత పొయ్యిలోంచి నిప్పు తీసుకుపోయి కొత్త పొయ్యి అంటించి, పాలు పొంగించాలి. పాలు పొంగాయంటే అది ఇంకో ఇల్లు. ఆ తరవాత ఈ పొయ్యి వాళ్ళు ఆ పొయ్యి దగ్గర పిలవకుండా తినకూడదు. పిలిస్తే చుట్టాల్లాగా పోయి ఆకు వేయించుకుని తినాలి. వెలిగిన పొయ్యిని ఎవరూ చేతులారా తీసేయరు, ఆ మనిషి పోయినప్పుడే తీస్తారు. ఇవన్నీ నాకు తెలియనివి కావు. మా పుట్టిల్లు బి. మల్లాపురంలో మా పెదనాన్న వేరు పడిన రోజు మా నాన్న ఏడవడం నేను చూశాను.

తెలిసి కూడా, "దొంగ పొయ్యికి ఇంత సంబరం ఎందుకత్తా? మూడు ఇటికరాళ్ళు పెట్టి కొంచెం మసి పూస్తే చాలదా?" అన్నాను.

"పొయ్యి దొంగదైతే నిప్పు కూడా దొంగదైతుందా?" అంది అత్త.

శుక్రవారం పొద్దున్నే తలకు పోసుకుంది. వెనక గది ముందు ముగ్గేసింది. మా గ్యాసు పొయ్యి మంటలో కొబ్బరి మట్ట అంటించుకుని, గాలికి ఆరిపోకుండా కొంగు అడ్డం పెట్టుకుని పెరట్లోకి నడిచింది. మా అమ్మాయి సరణ్య, ప్లస్ టూ చదువుతోంది, వెనకాలే పోతూ "అవ్వా, గృహప్రవేశమా? మాకు భోజనాలు లేవా?" అని ఎగతాళి చేసింది. పాలు తూరుపు వైపుకు బాగా పొంగాయి. అత్త చక్కెర వేసి అందరికీ గ్లాసుల్లో పోసింది. నాకిస్తూ, "మొదటి పాలు, కూర్చుని తాగు" అంది. నేను గ్రైండరు ఎక్కడ పెట్టాలా అని వసారా కొలుచుకుంటూ నిలబడే తాగేశాను.

సోమవారం వసంతకుమార్ సారు వచ్చాడు. సందులో ఆడవాళ్ళు కుళాయి దగ్గర బిందెలు పెట్టి మా వాకిట్లో నిలబడ్డారు. కరెంటు వాళ్ళు ఒకరింటికి వచ్చారంటే అందరికీ భయమే, అందరికీ వేడుకే. సారు వెనక గదిలోకి తొంగి చూశాడు. పొయ్యి ఉంది, గిన్నెలున్నాయి, నేను సర్ది పెట్టిన ఉప్పూ పప్పూ డబ్బాలున్నాయి. ఇటికరాళ్ళకు ఇంకా ఎరుపు పోలేదు.

"ఎన్నాళ్ళుగా వేరుగా వండుకుంటున్నావమ్మా?" అని తమిళంలో అత్తను అడిగాడు.

అత్త అబద్ధం చెప్పలేదు. చెప్పలేదంటే చేతకాదు ఆమెకు. నా వైపు చూసింది. సారు కూడా నా వైపు చూశాడు. ఆయన చేతిలో కలం మూత ఇంకా తీయలేదు. నాకు గ్రైండరు కళ్ళ ముందే వెనక్కి పోతున్నట్టు అనిపించింది.

"చానా కాలమే సార్," అన్నాను, నేనూ తమిళంలోనే. అక్కడితో ఆపి ఉంటే సరిపోయేది. ఆయన కళ్ళల్లో అనుమానం పోలేదని ఇంకా చెప్పాను. "రోజూ జగడమే సార్. ఈమె నోరు మంచిది కాదు. నేను వండింది తినదు, తిన్న రోజు వంక పెట్టందే లేవదు. నేనెంత కాలమని పడేది? అందుకే వేరు పెట్టేసినాము. ఇప్పుడు ఈమెకూ మాకూ ఏమీ లేదు."

సారు అత్త వైపు తిరిగి నెమ్మదిగా అన్నాడు. "ఈ వయసులో కోడలితో సర్దుకుపోకూడదామ్మా?"

అత్త తల దించుకుంది. "నా నోరే సార్," అంది. "సరిలేదు."

ఆయన మూత తీసి రాసుకున్నాడు. కుళాయి దగ్గర బిందె నిండి పొర్లిపోతోంది, ఎవరూ పోయి కట్టేయలేదు.

ఆ మధ్యాహ్నం కంచాలు పెట్టి, పెరటి వాకిట్లో నిలబడి పిలిచాను. "అత్తా, తినేకి రా."

"నేను కలి చేసుకున్నాను మ్మా," అంది లోపలినుంచి. కలి అంటే మా వైపు రాగి సంగటి. "ఇప్పుడు నీ కాడికి వచ్చి తింటే ఎవరన్నా చూసి సారుకి చెప్తారు. నీ మిషను రానీ."

నా మేలు కోరే అంటోందని నా మనసు తేలికైంది. నిజం చెప్పాలంటే సంతోషమే వేసింది. పెదవి దాటితే పృథివి దాటుతుందనే మాట నాకు గుర్తు రాలేదు. మరునాడు కుళాయి దగ్గర నాలుగిళ్ళ అవతలి వేదవల్లి మా అత్తను అడగడం నా చెవులారా విన్నాను. "ఏం సరసక్కా, అంత మంచి కోడలితో నీకేమి కొరవ? ఏమన్నా అంటే కొంచెం ఊరుకోకూడదా?" అత్త, "ఊరుకోవల్సిందే వేదా, నోరు ఆగల్యా" అని బిందె నడుముకెత్తుకుంది. నేను తలుపు చాటున ఉండిపోయాను. బయటికి వచ్చి ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. మిషను ఇంకా చేతికి రాలేదని ఊరుకున్నాను.

మార్చి దాటకముందే మీటరు బిగించారు, గ్రైండరు వచ్చింది. పూజ రోజు సందులో వాళ్ళందరూ వచ్చారు. అత్త మాత్రం పెరటి గడప దగ్గరే నిలబడింది. పని ధ్యాసలో ఉండి నేను గమనించలేదు. సరణ్య వచ్చి, "అమ్మా, అవ్వ నువ్వు పిలుస్తావని నిలబడింది" అని చెవిలో చెప్పింది. పరిగెత్తి పోయి పిలిచాను. వచ్చి కుంకుమ పెట్టించుకుని, బయటి ఆడవాళ్ళ పక్కన చాప మీద కూర్చుంది.

అందరూ పోయాక ఆమె ముందు నిలబడ్డాను. "ఇంక చాలత్తా. పని అయిపోయింది కదా. ఆ రాళ్ళు పీకి పారేసి వచ్చేయ్."

"వెలిగిన పొయ్యి ఎట్ల పీకేది? ఇంటికి చేటు."

"ఇదో అత్తా, నిజం చెప్పు. ఆ పొద్దు నేను అన్నదానికి కోపమా?"

"ఏమన్నావు?" అంది. కొంచెంసేపు ఆలోచించినట్టు చూసి, "నా నోరు మంచిది కాదనా? దాంట్లో ఏముంది. ఇప్పుడు సందులో అందురూ అదే అంటావుండారు" అంది. కోపంగా అంటే నేనూ నాలుగు మాటలనేదాన్ని. మామూలుగా అంది, పిండి పులిసిందని చెప్పినట్టు.

వ్యాపారం బాగా సాగింది. సిద్ధరాజ్ ఇంకో ఇద్దరు కొట్టువాళ్ళను తెచ్చాడు. మీటరు తిరిగే కొద్దీ డబ్బులు వచ్చాయి. అత్త రోజూ వచ్చి పిండిలో వేలు ముంచి చూసి చెప్పడం మానలేదు, అందులో ఏ లోటూ చేయలేదు. కానీ తనకు దోసె పిండి కావలసినప్పుడు వాకిలి వైపునుంచి గిన్నె పట్టుకుని వచ్చేది, పక్కింటివాళ్ళు వచ్చినట్టు. డబ్బులు గడప మీద పెట్టేది. మొదటిసారి నేను ఆ డబ్బులు తీసి ఆమె కొంగులో కట్టబోతే, "వేరే పొయ్యిది ఊరికే తినకూడదు మ్మా, నీ మిషనుకి మంచిది కాదు" అని చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ చిల్లర గడప మీదే ఒక పొద్దంతా ఉండిపోయింది.

ఆదివారం మా ఆయన వచ్చి తల్లి గదిలోకి పోయి కూర్చున్నాడు. "అమ్మా, ఆకలైతుంది" అన్నాడు. బెంగళూరులో వారమంతా తల్లి చేతి కలి గుర్తొస్తుందని అంటాడు.

"నీ ఇంట్లో వండి ఉంటుంది, పోయి తిను నాయనా," అంది అత్త. "నీ పెండ్లాం కాసుకోనుంది."

ఆయన వచ్చి నా ముందు కూర్చుని సగం తిని లేచాడు. నన్ను తిట్టలేదు. "ఏమని చెప్పినావు ఆ సారుతో?" అని అడిగాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన చాలాసేపు చెయ్యి కడుక్కుంటూనే ఉన్నాడు. "వేరే వంట అంటే చాలు కదా అముదా," అన్నాడు చివరికి. "మిగిలింది ఎందుకు చెప్పినావు?"

ఎందుకు చెప్పానో నాకూ తెలియదు. సారును నమ్మించాలని అనుకున్నాను. కానీ అంత తడుముకోకుండా ఆ మాటలు నా నోట ఎట్లా వచ్చాయి? ఎప్పుడో ఒక రోజు అత్త పప్పులో ఉప్పు ఎక్కువైందని అంటే నేను మనసులో పెట్టుకున్నది, అవసరం చూసుకుని బయటికి వచ్చిందేమో. అదే నన్ను తినేస్తోంది. అబద్ధం చెప్పినందుకు కాదు, దాంట్లో ఒక చిటికెడు నా మనసులో నిజంగా ఉన్నందుకు.

మామిడి కాయలు లారీలకెక్కే రోజుల్లో నేను హోసూరు బస్సెక్కాను. రెండు మీటర్లూ ఒకటి చేసేస్తే, సర్కారే మాది ఒక సంసారమని రాస్తే, అత్త ఇంక ఏ వంకా చెప్పలేదని నా ఎత్తు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. సెంతిల్ పని చేసే వర్క్‌షాపు బయట టీ కొట్టు దగ్గర దొరికాడు. అతని గడప తొక్కకుండా నా ఒట్టు కూడా నిలబెట్టుకున్నాను, చూడండి నా తెలివి.

నేను మొదలుపెట్టకముందే టీ చెప్పాడు. విషయం విన్నాడు. కాగితం తీసుకుని తొడ మీద పెట్టుకుని సంతకం చేసి ఇచ్చేశాడు. టీ ఇంకా చల్లారలేదు.

"దీనికేనా వదినా?" అన్నాడు. "అప్పుడే ఒక ఫోను చేసుంటే చాలు కదా. నేనేమన్నా ఆ గది మోసుకుపోతానా?"

తిరిగి వస్తూ బస్సులో కిటికీ వైపు మొహం తిప్పుకుని ఏడ్చాను. పక్కన కూర్చున్న ముసలామె, ఎవరు పోయినారమ్మా అని అడిగింది.

మా ఆయన సంతకం అయింది. అత్త దగ్గరికి కాగితం తీసుకుపోతే, "సారు వస్తాడు కదా, ఆయన ముందరే పెడతాను" అంది. పెట్టనని అనలేదు కాబట్టి నేను ఆశపడ్డాను. సారు వచ్చే రోజు నలుగురికీ వండాను, నాలుగో మనిషి ఆయనే. అత్తకు ఇష్టమని ఎండు చిక్కుడు గింజల పులుసు చేశాను. ఆమె కంచం కడిగి నా కంచం పక్కన పెట్టాను.

వసంతకుమార్ సారు కాగితం చదివి, "కలిసిపోయారా? సంతోషం" అన్నాడు నిజంగా సంతోషంగానే. "ఇప్పుడు ఒకే వంటా?"

"ఒకే వంట సార్," అన్నాను. ఈసారి ఆయన వైపు కాదు, అత్త వైపు చూస్తూ చెప్పాను. కుళాయి దగ్గర వేదవల్లి ఉంది. ఆమెకూ వినిపించాలని గొంతు పెంచాను. "ఆ పొద్దు నేను చెప్పింది అబద్ధం సార్. మా అత్త నోరు ఏ పొద్దూ చెడ్డది కాదు. మీటరు కోసం నేనే అట్ల చెప్పినాను."

సారు మొహం గంటు పెట్టుకున్నాడు. "నన్నేమనుకుంటున్నావమ్మా నువ్వు? ఒకసారి అదంటావు, ఒకసారి ఇదంటావు," అని అత్త వైపు తిరిగాడు. "పెద్దామె, నువ్వు చెప్పు. కలిసి ఉన్నారా, వేరేనా?"

అత్త చేతిలో గరిటె ఉంది. కొంగుతో తుడుచుకుంటూ బయటికి వచ్చింది. ఆమె అబద్ధం చెప్పలేదని ముందే చెప్పాను కదా.

"వేరే సార్," అంది. "ఆ పొద్దే చెప్పినాము కదా."

సారు వెనక గదిలోకి తొంగి చూశాడు. ఇటికరాళ్ళు నల్లగా మసి పట్టి ఉన్నాయి. పొయ్యి మీద కలి ఉడుకుతోంది. పైన మామ పేరున్న మీటరులో ఎర్ర లైటు వెలుగుతూ ఆరుతూ ఉంది. ఆయన కాగితం మడిచి నా చేతిలో పెట్టి, "దీని అవసరం లేదమ్మా" అని బండెక్కి పోయాడు. వేదవల్లి కూడా ఇంక వినేది ఏమీ లేదని బిందె ఎత్తుకుంది.

నేను ఆ కాగితం పట్టుకుని పెరట్లోనే కూలబడ్డాను. అత్త లోపలికి పోయింది. గిన్నెల చప్పుడైంది. మళ్ళీ గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఎండలో ఎందుకు కూర్చున్నావు? పొద్దెక్కింది. తినిపోదువు, రా అముదా."

ఇన్నేళ్ళలో ఆమె నన్ను అట్లా పిలిచింది లేదు. పిలవాల్సిన పని ఎప్పుడు వచ్చింది? ఆకలైతే నేనే గిన్నె తీసి వడ్డించుకునేదాన్ని, ఆమె కంచంలోంచి ముద్ద తీసుకునేదాన్ని. లోపలికి పోయాను. చాప పరిచి ఉంది. దాని ముందు నీళ్ళు చల్లి, తుడిచి, అరటాకు వేసి ఉంది. కంచం కాదు. ముద్ద కలి పెట్టి, మధ్యలో గుంట చేసి, ఆకుకూర పులుసు పోసింది. తాను తినకుండా ఎదురుగా కూర్చుని, "ఇంకొంచెం వేసుకో, మొహమాట పడకు" అంది.

ముద్ద ముద్దకూ నీళ్ళు తాగుతూ అంతా తిన్నాను. ఏదైనా అంటుందేమో, తిడుతుందేమో అని ఎదురు చూశాను. తిట్టి ఉంటే ఆమె కాళ్ళు పట్టుకునేదాన్ని. "సరణ్య రిజల్టు ఎప్పుడు?" అని అడిగింది. చెప్పాను. "సిద్ధరాజ్ కొట్టుకి రేపు పిండి కొంచెం ముందరే తీయాల, ఎండ జాస్తిగా ఉంది" అంది. సరే అన్నాను.

మా ఇంట్లో తిన్న కంచం మేమే కడుక్కుంటాం. ఆకు కాబట్టి కడిగే పని లేదు. చుట్టరికం నిలవాలని కోరుకునేవాళ్ళు ఆకును తమ వైపుకు మడుస్తారు. నేను నా వైపుకే మడిచి, పోయొస్తానత్తా అని చెప్పి, పెరటి ఇవతలికి మా ఇంటికి వచ్చాను.